పీరియడ్ లేట్, కిట్‌లో అరగంట తర్వాత లేత గీత.. ఇది పాజిటివా కాదా?

నిమ్మకాయ_పులిహోర
అందరికీ నమస్తే. కొత్తగా చేరాను, తప్పు సెక్షన్‌లో పెట్టుంటే మోడరేటర్ గారు మార్చేయండి. నాకు పీసీఓడీ ఉంది, డేట్ ఎప్పుడూ టైముకి రాదు, ఒక నెల ముప్పై రెండుకో ముప్పై మూడుకో వస్తే ఇంకో నెల నలభై ఐదు దాకా సాగుతుంది. ఈసారి యాప్ ప్రకారం పోయిన వారమే రావాలి, రాలేదు. నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ మెడికల్ షాపులో కిట్ తీసుకున్నా (షాపాయన దాన్ని పేపర్లో చుట్టి, నల్ల కవర్లో పెట్టి, ఆ కవర్‌ని ఇంకో కవర్లో పెట్టి ఇచ్చాడు, ఎవరి సిగ్గు కోసమో తెలీదు). ఇంటికొచ్చి చేస్తే సీ (కంట్రోల్) దగ్గర ఒక్క గీతే వచ్చింది, సర్లే అని డస్ట్‌బిన్‌లో పడేశా. వంటయ్యాక ఎందుకో మనసాగక తీసి చూస్తే టీ (టెస్ట్) దగ్గర సన్నగా బూడిద రంగులో ఏదో ఉంది. మా ఆయన ఫోన్ టార్చ్ వేసి మరీ చూసి ఉంది ఉంది అంటారు, నాకేమో ఉన్నట్టూ ఉంది లేనట్టూ ఉంది. ఎల్లుండి మా అత్తయ్య గారు వస్తున్నారు, ఆవిడ రాకముందే తేల్చుకోవాలి. ఎవరైనా చెప్పండి ప్లీజ్.

గోదారి_గాలి
కంగ్రాట్స్ అండీ!! గీతంటే గీతేనండి, లేతదైనా ముదురుదైనా. స్వీట్లు ఎప్పుడు మరి

ల్యాబ్_బాబాయ్
ఆగండాగండి గోదారి గారూ, స్వీట్లు తర్వాత. అమ్మా పులిహోర గారు, ముందు ఆ కార్డు సంగతి చూద్దాం. ప్యాకెట్ వెనకాల 5 నిమిషాలకి చూడమని రాసి ఉంటుంది, ఎవరూ చదవరు. ఆ టైము దాటాక కార్డులో ఏం కనబడినా లెక్కలోకి తీసుకోకూడదు. యూరిన్ ఆరిపోయేటప్పుడు టీ గీత ఉండే చోట ఒక మరక తేలుతుంది, బూడిద రంగులోనో, రంగే లేకుండా ఉత్త నీడలాగానో. నిజమైన గీతకి రంగుంటుంది, మామూలు కార్డుల్లో గులాబీయో ఎరుపో, పక్కన సీ గీత ఏ రంగో అదే రంగు, కాకపోతే లేతగా ఉండొచ్చు. మీరు బూడిద అన్నారు, అదీ వంటయ్యాక అన్నారు, కాబట్టి అది పాజిటివ్ అని నేను అనను. అలాగని నెగటివ్ అని కూడా రాసిపెట్టుకోకండి, సాయంత్రం పూట చేశారు, పైగా మీ సైకిల్‌కి ఇది చెయ్యాల్సిన టైమో కాదో కూడా తెలీదు. ఆ టెస్ట్ చెల్లలేదు అనుకుని మర్చిపోండి. టార్చ్ వేసి చూడాల్సిన గీత మీద అత్తగారికి కబురు చెప్పకండి.

నిమ్మకాయ_పులిహోర
థాంక్యూ బాబాయ్ గారు. అయితే గీత అసలు ఎలా వస్తుంది? మా ఆయన "గర్భం లేకపోతే మరక మాత్రం టీ దగ్గరే ఎందుకు పడింది" అని లాజిక్ తీస్తున్నారు.

ల్యాబ్_బాబాయ్
మంచి ప్రశ్నే. కార్డు లోపల ఉండేది ఒక సన్నటి పట్టీ. గుంటలో మూడు చుక్కలు వేయగానే దీపం ఒత్తి నూనె పీల్చినట్టు అది తడిని పీల్చుకుంటూ పైకి పోతుంది. దారిలో మొదట ఒక చోట యాంటీబాడీలు (ఒక్కో పదార్థాన్ని గుర్తుపట్టి అతుక్కునే ప్రోటీన్లు) పొడిగా ఆరబెట్టి ఉంటాయి, వాటికి బంగారపు రేణువులు తగిలించి ఉంటారు. నవ్వకండి, నిజంగా బంగారమే, కంటికి కనబడనంత చిన్నవి, ఆ సైజులో బంగారం పచ్చగా ఉండదు, ఎర్రగా కనిపిస్తుంది, గీతలో మనం చూసే రంగు అదే. యూరిన్‌లో హెచ్‌సీజీ, అంటే గర్భం వచ్చాక ఒంట్లో తయారయ్యే హార్మోన్ ఉంటే ఈ యాంటీబాడీలు దాన్ని పట్టుకుని తడితో పాటు ముందుకి పోతాయి. టీ దగ్గర ఇంకో రకం యాంటీబాడీని గీతలాగా పరిచి పెట్టి ఉంచుతారు, అది హెచ్‌సీజీని రెండో వైపు నుంచి పట్టి ఆపేస్తుంది, అలా రేణువులన్నీ అక్కడ పోగుపడితే గీత. హెచ్‌సీజీ లేకపోతే అక్కడ ఆగేదేం లేదు, నేరుగా దాటిపోతాయి. సీ దగ్గర ఉన్నదానికి హెచ్‌సీజీతో పనే లేదు, దాటొచ్చిన యాంటీబాడీలనే పట్టుకుంటుంది, అందుకే సీ రాకపోతే కార్డు పాడైనట్టు, అప్పుడు టీ వచ్చినా నమ్మకూడదు.

మీ ఆయన ప్రశ్నకి జవాబు: టీ దగ్గర ముందే ఏదో పరిచి ఉంది కదా, తడి ఆరేటప్పుడు ఆ చోటు మిగతా పట్టీ కంటే కొంచెం వేరుగా కనబడుతుంది. అంతే. కోవిడ్ టైములో ముక్కులో పుల్ల పెట్టి చేసిన ర్యాపిడ్ టెస్ట్ కూడా సరిగ్గా ఇదే పద్ధతి, దాన్నీ టైము దాటాక చూడొద్దనేది అందుకే.

రెండో_కాఫీ
యాభై అరవై రూపాయల కార్డులో బంగారమా. మా ఆవిడకి తెలిస్తే అక్షయ తృతీయకి మెడికల్ షాపుకి తీసుకెళ్ళమంటుంది

ఓరుగల్లు_పోరి
పులిహోర అక్కా నాది గూడ గిదే కథ, పీసీఓడీ. జర నా మాట విను, ఆ యాప్‌ను పక్కకు పెట్టు. యాప్ ఏం చేస్తది, నీ పాత నెలలన్ని కలిపి సగటు తీసి ఫలానా రోజు రావాలె అంటది. మనకు సగటు అన్నదే లేదు కదా. మా డాక్టరమ్మ నాకు మంచిగ సమజ్ చేసింది, అండం విడుదలైనంక రెండు వారాల దగ్గర దగ్గరకు పీరియడ్ వస్తది, ఆ వెనక భాగం అందరికి కొంచెం అటిటుగ అంతే ఉంటది, ముందు భాగమే సాగుతది. అంటే 28 రోజులకు వచ్చేటోళ్ళకు 14వ రోజు అటిటు అండం వస్తే, 45 రోజులకు వచ్చేటోళ్ళకు నెల దాటినంకనే వస్తది. మరి నీకు ఈసారి అండం ఎప్పుడు వచ్చిందో ఎవరికి ఎర్క? నువ్వు వారం లేట్ అనుకుంటున్నవ్, నీ ఒంటికి అసలు ఇంకా టైమే కాకపోయి ఉండొచ్చు. అట్లాంటప్పుడు కడుపు పడ్డా కార్డుల కనవడదు.

అందుకే మనలాంటోళ్ళు డేట్ నుంచి కాదు, భార్యాభర్తలు ఆఖరిసారి కలిసిన రోజు నుంచి లెక్క వెట్టుకోవాలె. గా రోజు నుంచి 21 రోజులు దాటినంక చేస్తే నమ్మొచ్చు అని చెప్పింది. అప్పటికి గూడ లేకపోతే లేనట్టే, ఇగ పీరియడ్ ఎందుకు వస్తలేదో చూపించుకోవాలె.

ల్యాబ్_బాబాయ్
ఓరుగల్లు పోరి చెప్పిందానికి వంద మార్కులు. నేను దానికి నంబర్లు కలుపుతా. అండం ఫలదీకరణ జరిగాక గర్భసంచికి అతుక్కోవడానికి టైము పడుతుంది, అండం విడుదలైన రోజు నుంచి 6 నుంచి 12 రోజులు, ఎక్కువమందికి 8, 9, 10 రోజుల మధ్య. అతుక్కున్నాకే హెచ్‌సీజీ రక్తంలోకి రావడం మొదలవుతుంది, తర్వాత యూరిన్‌లోకి. మొదట్లో రెండు మూడు రోజులకోసారి రెట్టింపు అవుతుంది. మన దగ్గర దొరికే కార్డులు ఎక్కువ శాతం 20, 25 యూనిట్లు ఉంటే గానీ పట్టలేవు. ఇప్పుడు లెక్క వేసుకోండి, ఇవాళ 6 ఉన్నావిడకి కార్డు నెగటివ్, నాలుగైదు రోజులాగితే అదే మనిషికి పాజిటివ్. కార్డు అబద్ధం చెప్పలేదు, మనం తొందరపడ్డాం.

పొద్దున్నే మొదటి యూరిన్ అనేది కూడా అందుకే. రాత్రంతా బాత్రూమ్‌కి వెళ్ళం కాబట్టి చిక్కగా ఉంటుంది. రెండు గ్లాసుల నీళ్ళు తాగి, మజ్జిగ తాగి, పల్చగా చేసుకుని టెస్ట్ చేస్తే ఉన్న హెచ్‌సీజీ కూడా పల్చబడుతుంది. పీరియడ్ తప్పి రెండు వారాలు దాటినవాళ్ళకి ఏ టైములో చేసినా పెద్ద తేడా ఉండదు, మొదటి రోజుల్లోనే ఈ జాగ్రత్త.

సీమ_మిరప
ఇంత కథ యాల? మా పిన్ని టూత్‌పేస్ట్‌తో చేసుకుంటాది, తెల్ల పేస్ట్‌లో యూరిన్ పోస్తే నురుగొచ్చి నీలం తిరిగితే ఉన్నట్టు. ఇంట్లో చక్కెరతో కూడా చేస్తారంట, గడ్డ కడితే పాజిటివ్ అంట. యూట్యూబ్ నిండా ఉండాయి వీడియోలు. పైసా ఖర్చు లేదు.

ల్యాబ్_బాబాయ్
మిరప గారూ, మీ పిన్నిగారి పేస్ట్‌లో మీ బాబాయ్ గారి యూరిన్ పోసి చూడమనండి, నురుగు ఖాయంగా వస్తుంది. పేస్ట్‌లో సుద్ద లాంటిది ఉంటుంది, యూరిన్ కొంచెం పుల్లగా ఉంటే పొంగుతుంది, గర్భానికీ దానికీ సంబంధం లేదు. చక్కెర, ఉప్పు, వెనిగర్, బ్లీచింగ్ పౌడర్ ఏదీ హెచ్‌సీజీని గుర్తుపట్టదు. బ్లీచింగ్ అయితే అసలు చెయ్యకండి, యూరిన్ పడితే వచ్చే ఘాటు ఊపిరితిత్తులకి మంచిది కాదు.

సీమ_మిరప
హహ సరే బాబాయ్, పిన్నికి చెప్తా. అయినా కిట్లు రాకముందు మనోళ్ళకి ఎట్ల తెలుస్తా ఉండె?

ల్యాబ్_బాబాయ్
మనోళ్ళకి నెల తప్పితే, వేవిళ్ళు మొదలైతే తెలిసేది. ల్యాబుల్లో అయితే పెద్ద కథే ఉంది. 1920ల చివర్లో బెర్లిన్‌లో ఇద్దరు డాక్టర్లు, ఆష్‌హైమ్, జోండెక్ అని, ఆడ ఎలుక పిల్లలకి యూరిన్ ఇంజెక్షన్ ఇచ్చి రోజుల తర్వాత కోసి అండాశయాలు చూసేవాళ్ళు. తర్వాత అమెరికాలో కుందేళ్ళు. ఫలితం ఏదైనా కుందేలు మాత్రం చచ్చేది, లోపల చూడాలి కదా. తర్వాత దక్షిణాఫ్రికా కప్ప ఒకటి, జెనోపస్ అంటారు, దానికి గర్భిణి యూరిన్ ఎక్కిస్తే ఆ రోజే గుడ్లు పెట్టేసేది, కప్పకి ప్రాణాపాయం లేదు, మళ్ళీ వాడుకోవచ్చు. 1960ల దాకా చాలా దేశాల్లో ఆసుపత్రులకి ఈ కప్పలే దిక్కు.

ఇంట్లో చేసుకునే కిట్ ఆలోచన 1967లో మార్గరెట్ క్రేన్ అనే ఆవిడకి వచ్చింది, అమెరికాలో ఆర్గనాన్ అనే మందుల కంపెనీలో డిజైనర్‌గా పనిచేసేది, సైంటిస్ట్ కూడా కాదు. ల్యాబ్‌లో వరసగా పెట్టిన టెస్ట్ ట్యూబులు, కింద అద్దం చూసి ఇది ఇంట్లో ఎవరికి వాళ్ళు చేసుకోవచ్చు కదా అనుకుంది. కంపెనీలో మగవాళ్ళు మొదట వద్దన్నారు, చివరికి 1971లో కెనడాలో అమ్మకానికి వచ్చింది. దానికి రెండు గంటలు కదలకుండా పెట్టాలి. మనం ఇప్పుడు 5 నిమిషాలు ఆగలేకపోతున్నాం.

గోదారి_గాలి
కప్పలేంటండి బాబూ.. టిఫిన్ తింటూ చదివాను

డల్లాస్_పద్మ
పులిహోర గారూ, ఇక్కడ డాలర్ స్టోర్‌లో కూడా స్ట్రిప్‌లు దొరుకుతాయి, పదేసి ఇరవయ్యేసి ఆన్‌లైన్‌లో తెప్పించుకుని రోజూ చేసేవాళ్ళు నా ఫ్రెండ్స్‌లోనే ఉన్నారు. డేట్‌కి 5 రోజుల ముందే తెలుస్తుంది అని బాక్స్ మీద పెద్ద అక్షరాల్లో ఉంటుంది, అంత ముందు చేస్తే అందరికీ దొరకదు అని అదే బాక్స్ మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. డిజిటల్ అని ప్రెగ్నెంట్, నాట్ ప్రెగ్నెంట్ అని మాటల్లో చూపించేవి ఉన్నాయి కదా, అవి విప్పి చూస్తే లోపల ఉండేది కూడా ఇలాంటి స్ట్రిప్పే, గీతని మన బదులు మెషిన్ చదివి చెప్తుంది అంతే, నాలుగింతలు డబ్బులు.

కానీ ముందే చేసుకోవడం వల్ల ఒక బాధ ఉందండి, ఎవరూ చెప్పరు. చాలా గర్భాలు అతుక్కున్న కొద్ది రోజులకే ఆగిపోతాయి, కెమికల్ ప్రెగ్నెన్సీ అంటారు, పేరు భయంగా ఉంటుంది గానీ అందులో కెమికల్ తప్పేం లేదు, టెస్ట్‌లో మాత్రమే కనిపించి స్కాన్‌లో కనిపించే దాకా రానిది అని. టెస్ట్ చెయ్యని ఆవిడకి అది నాలుగు రోజులు లేటుగా వచ్చిన పీరియడ్. చేసిన ఆవిడకి పోగొట్టుకున్న బిడ్డ. నా కజిన్ విషయంలో దగ్గరుండి చూశాను, నేనేం తిన్నాను నేనేం ఎత్తాను అని తననే తిట్టుకునేది, తను చేసిన తప్పు ఏమీ లేదు, ఎక్కువసార్లు క్రోమోజోముల తేడా వల్లే అలా జరుగుతుంది. అందుకే తట్టుకోగలం అనుకుంటేనే ముందు చెయ్యండి, లేకపోతే డేట్ దాటి వారం ఆగి చెయ్యండి అంటాను.

ఓరుగల్లు_పోరి
పద్మక్కా మస్తు చెప్పినవ్. మా దిక్కు గిది ఎవ్వలు మాట్లాడరు.

రెండో_కాఫీ
మగాణ్ణి మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. మాకు ఐయుఐ (వీర్యాన్ని నేరుగా గర్భసంచిలోకి ఎక్కించే ట్రీట్‌మెంట్) జరిగినప్పుడు అండం విడుదలకి ట్రిగ్గర్ ఇంజెక్షన్ ఇచ్చారు. మా బామ్మర్ది భార్య ఆత్రంగా కిట్ పట్టుకొచ్చి వారానికే చేయించేసింది, టకామని రెండు గీతలు. ఇంట్లో పండగ. నర్సుకి ఫోన్ చేస్తే "సార్ అది మేమిచ్చిన ఇంజెక్షనే" అంది. ఆ ఇంజెక్షన్‌లో ఉండేదే హెచ్‌సీజీ అట, ఒంట్లోంచి పోవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది, అప్పటి దాకా కార్డు పాజిటివే చూపిస్తుంది. ట్రీట్‌మెంట్‌లో ఉన్నవాళ్ళు డాక్టర్ ఏ రోజు చెయ్యమంటే ఆ రోజే చెయ్యండి. మా పాప తర్వాతి సైకిల్‌లో వచ్చింది, ఇప్పుడు నా ఫోన్ వదలదు.

గోదారి_గాలి
అయితే ఉన్నా లేనట్టు చూపించడమే కాదు, లేకపోయినా ఉన్నట్టు చూపిస్తుందన్నమాట. ఇంకెప్పుడు నమ్మాలండి దీన్ని?

ల్యాబ్_బాబాయ్
లేకపోయినా ఉన్నట్టు చూపించడం అరుదు గోదారి గారూ. ఈ ఇంజెక్షన్ ఒకటి. ఈమధ్యే అబార్షనో, డెలివరీయో అయినవాళ్ళకి హెచ్‌సీజీ కొన్ని వారాలు మిగిలి ఉంటుంది. ముత్యాల గర్భం అని ఒకటుంది, పిండం బదులు మాయ నీటి బుడగల్లా పెరుగుతుంది, దాంట్లో హెచ్‌సీజీ విపరీతంగా ఉంటుంది, అది డాక్టర్ చూడాల్సిందే. కొన్ని కణుతులు. పారాసిటమాల్, యాంటీబయాటిక్స్, గర్భనిరోధక మాత్రలు, మందు తాగడం వీటివల్ల ఫలితం మారదు. డేట్ అయిపోయిన కార్డు, ఎండలో పెట్టిన కార్డు వాడకండి. ప్యాకెట్ చింపగానే వాడాలి, పొద్దున చేద్దామని రాత్రే చింపి పెట్టుకోకూడదు, తేమకి పాడవుతుంది. లోపల చిన్న పొట్లం ఉంటుంది చూశారా, అది తేమ పీల్చడానికే, యూరిన్‌లో కలపడానికి కాదు (కలిపినవాళ్ళున్నారు).

పల్లె_నర్సు
ఆలస్యంగా చూశాను. నేను సబ్‌సెంటర్‌లో ఏఎన్ఎంగా చేస్తున్నాను. ఊళ్ళల్లో ఉన్నవాళ్ళు ఎవరైనా చదువుతుంటే, ఆశా కార్యకర్త దగ్గర నిశ్చయ్ అని ఇదే కార్డు ఫ్రీగా ఉంటుంది, అడిగితే ఇస్తుంది, ఎవరికీ చెప్పొద్దంటే చెప్పదు. చెయ్యడం రాకపోతే దగ్గరుండి చూపిస్తుంది.

నాకు గీతల మీద కంటే ఒక విషయం మీద భయం. కార్డు హెచ్‌సీజీ ఉందో లేదో చెప్తుంది, గర్భం ఎక్కడ ఉందో చెప్పదు. గర్భసంచిలో కాకుండా పక్కన ట్యూబులో పడినా అదే రెండు గీతలు. రెండు గీతలు వచ్చాక పొత్తికడుపులో ఒక పక్కకి పట్టి నొప్పి, కొద్దికొద్దిగా రక్తం కనబడటం, కళ్ళు తిరగడం, భుజం కొస దగ్గర నొప్పి, ఇవి ఉంటే రేపు చూద్దాం అని పడుకోకండి, 108కి ఫోన్ చెయ్యండి. ట్యూబ్ పగిలితే లోపల్లోపలే రక్తం పోతుంది, బయటికి కనబడేది కొంచెమే. నొప్పి ఉండి కార్డు నెగటివ్ వచ్చినా సరే చూపించుకోవాలి, అలాంటి గర్భాల్లో హెచ్‌సీజీ నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి కార్డుకి అందకపోవచ్చు.

ఇంకోటి, వద్దనుకున్న గర్భమైతే మెడికల్ షాపులో మాత్రలు కొని మింగే వాళ్ళని చూస్తున్నాను. ఆ మాత్రలు ట్యూబులో గర్భానికి పనిచెయ్యవు. చట్టప్రకారం 20 వారాల లోపు ఒక డాక్టర్ అభిప్రాయంతో తీయించుకోవచ్చు, 2021 సవరణ తర్వాత పెళ్ళి కాని వాళ్ళయినా సరే. పెద్దాసుపత్రిలో అడగండి. దొంగచాటు అవసరం లేదు.

మోడరేటర్_2
పల్లె_నర్సు గారి పోస్ట్ పైన పిన్ చేశాం. ఒకరిద్దరు డాక్టర్ల పేర్లు, ఫోన్ నంబర్లు పెట్టారు, తీసేశాం, పెట్టకండి. కార్డు ఫోటో పెట్టి గీత ఉందో లేదో ఓటింగ్ పెట్టడం కూడా ఇక్కడ వద్దు.

నిమ్మకాయ_పులిహోర
అప్‌డేట్. అందరూ చెప్పారని ఆగాను, అత్తయ్య గారు వచ్చి నాలుగు రోజులుండి వెళ్ళారు, ఆవిడ ఏమీ అడగలేదు గానీ నా ప్లేట్లో మాత్రం మామిడికాయ పచ్చడి ఎక్కువ వేశారు. లెక్క ప్రకారం మూడు వారాలు దాటాక ఇవాళ పొద్దున్నే చేశా, ఫోన్‌లో టైమర్ పెట్టి. 5 నిమిషాల లోపే టీ దగ్గర గులాబీ రంగు గీత, సీ అంత ముదురు కాదు గానీ టార్చ్ అక్కర్లేదు. మా ఆయన బాత్రూమ్ తలుపు బయటే నిలబడ్డారు పాపం. ఇది పాజిటివేనా బాబాయ్ గారు?

ల్యాబ్_బాబాయ్
పాజిటివే తల్లీ. టైములో వచ్చింది, రంగుంది.

గోదారి_గాలి
ఇప్పుడు అడగొచ్చా స్వీట్లు!! నేను మొదటి రోజే చెప్పానండి

సీమ_మిరప
కంగ్రాట్స్ అక్కా. గీత లేతగా ఉంటే ఆడపిల్ల, ముదురుగా ఉంటే మగపిల్లోడు అంటారు మావైపు, నిజమేనా

పల్లె_నర్సు
కాదు. గీత ముదురు అనేది ఆ రోజు హెచ్‌సీజీ ఎంత ఉందో, యూరిన్ ఎంత చిక్కగా ఉందో దాన్నిబట్టి. పుట్టేది ఎవరో పరీక్ష చేయించి తెలుసుకోవడం 1994 చట్టం ప్రకారం నేరం కూడా, కార్డుతో తెలీదు కాబట్టి బతికిపోయారు. పులిహోర గారూ, ఫోలిక్ యాసిడ్ బిళ్ళ వేసుకుంటున్నారా? లేకపోతే ఇవాళే మొదలుపెట్టండి, రోజుకి 400 మైక్రోగ్రాములు, బిడ్డ మెదడు, వెన్నుపాము మొదటి వారాల్లోనే తయారవడం మొదలవుతుంది. థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. పీసీఓడీకి మెట్‌ఫార్మిన్ లాంటిదేదైనా వాడుతుంటే మీ అంతట మీరు ఆపకండి, డాక్టర్‌ని అడగండి. 12 వారాల లోపు ఎక్కడో ఒకచోట పేరు రాయించుకోండి.

నిమ్మకాయ_పులిహోర
డాక్టర్ దగ్గరకి వెళ్ళొచ్చాం. బీటా హెచ్‌సీజీ అని రక్తపరీక్ష రాశారు, మళ్ళీ 48 గంటలకి ఇంకోసారి ఇమ్మన్నారు. మొదటిది 140 దాటింది. నెట్‌లో చూస్తే ఆ వారానికి ఎంతుండాలో ఒక్కో చోట ఒక్కోలా ఉంది, ఎక్కడో 5 నుంచి 400 అని కూడా ఉంది, నాకు నిద్ర పట్టట్లేదు.

ల్యాబ్_బాబాయ్
ఆ పట్టికలు చూడటం ఆపండి. ఒక్క నంబర్‌తో ఏమీ తెలీదు, మీకు అండం ఎప్పుడు విడుదలైందో తెలీనప్పుడు అసలే తెలీదు. అందుకే రెండుసార్లు ఇమ్మన్నారు. మొదటి వారాల్లో 48 గంటలకి దాదాపు రెట్టింపు, తక్కువలో తక్కువ సగం పైన పెరిగితే మామూలే. పెరగకపోయినా, తగ్గినా, నత్తనడక నడిచినా అప్పుడు డాక్టర్ ఆలోచిస్తారు. రెండోది కూడా అదే ల్యాబ్‌లో ఇవ్వండి, మిషన్ మారితే నంబర్ మారుతుంది. ఇంకా రోజూ కార్డు చేసి గీత ముదిరిందా లేదా చూస్తుంటే అదీ మానెయ్యండి, కొన్ని వారాలయ్యాక కార్డులో గీత ఇక ముదరదు. హెచ్‌సీజీ 8 నుంచి 11 వారాలప్పుడు లక్ష దాకా వెళ్తుంది, అంత ఎక్కువున్నప్పుడు కార్డులో యాంటీబాడీలు చాలక గీత లేతబడటం, ఒక్కోసారి అసలు రాకపోవడం కూడా జరుగుతుంది. మూడో నెల గర్భిణి సరదాకి చేసుకుని నెగటివ్ చూసి ఏడుస్తూ మా ల్యాబ్‌కి వచ్చింది ఒకసారి, అదే యూరిన్‌లో నీళ్ళు కలిపి చేస్తే గీత బంగారంలా వచ్చింది.

నిమ్మకాయ_పులిహోర
రెండోది 310 వచ్చింది. డాక్టరమ్మ బానే ఉంది అన్నారు. స్కానింగ్‌కి ఇప్పుడే రావద్దు, 5 వారాలకి సంచి మాత్రమే కనబడుతుంది, గుండె కొట్టుకోవడం 6 వారాలు దాటాకే, నీకు డేట్ల లెక్క సరిగ్గా లేదు కాబట్టి ఇంకో వారం ఎక్కువే ఆగి రా అన్నారు. అత్తయ్య గారికి ఇంకా చెప్పలేదు, స్కానింగ్ అయ్యాక చెప్తా. ఆవిడకి తెలిసిపోయిందని మా ఆయన అనుమానం. అందరికీ చాలా చాలా థాంక్స్.

అనంత_ఆకాశం
ఇదే థ్రెడ్‌లో అడగొచ్చా, కొత్తది పెట్టడానికి ధైర్యం లేదు. ఐ-పిల్ (కలిసిన తర్వాత గర్భం రాకుండా వేసుకునే మాత్ర) వేసుకున్నాను, తర్వాత కొద్దిగా బ్లీడింగ్ అయింది, ఇప్పుడు పీరియడ్ రాలేదు. ఆ బ్లీడింగ్ అయింది కాబట్టి సేఫేనా?

పల్లె_నర్సు
అడగొచ్చమ్మా. ఆ మాత్ర తర్వాత అయ్యే చిన్న బ్లీడింగ్‌ని పీరియడ్ అనుకోకూడదు, దాన్ని చూసి లేదు అని తేల్చుకోలేం. మాత్ర వల్ల పీరియడ్ ఓ వారం అటూ ఇటూ అవుతుంది, ఆ మాత్రం ఆగొచ్చు. వారం దాటినా రాకపోతే, లేదా కలిసిన రోజు నుంచి మూడు వారాలైతే, పొద్దున్నే కార్డు చెయ్యి. మాత్ర వల్ల కార్డు తప్పు చూపించదు. 72 గంటల లోపు ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది, అయినా నూటికి నూరు కాదు. మాత్ర వేసుకున్నాక మళ్ళీ జాగ్రత్త లేకుండా కలిసుంటే లెక్క ఆ రోజు నుంచి మొదలు.

ఓరుగల్లు_పోరి
నర్సక్కా ఇంకొక్కటి. మా వదినకు బాబు పుట్టి ఏడో నెల నడుస్తున్నది, పాలిస్తున్నది, పీరియడ్స్ ఇంకా మొదలుకాలే. పాలిచ్చినన్ని రోజులు కడుపు రాదు అని మా పెద్దమ్మ అంటది. ఇప్పుడు వాంతులైతున్నయి. కార్డు పనిచేస్తదా, పాలకు ఏమన్న అయితదా?

పల్లె_నర్సు
పనిచేస్తుంది, పాలిస్తున్నా కార్డుకి తేడా రాదు, కార్డు వల్ల పాలకి ఏమీ కాదు. పెద్దమ్మ చెప్పింది సగమే నిజం, ఆరు నెలల లోపు, బిడ్డకి తల్లిపాలు తప్ప ఇంకేమీ పెట్టకుండా, పీరియడ్ రాకుండా ఉంటేనే ఆ రక్షణ. ఏడో నెల అంటున్నారు, అన్నప్రాశన అయ్యుంటుంది. డెలివరీ తర్వాత మొదటి పీరియడ్ కంటే ముందే అండం విడుదల కావచ్చు కాబట్టి డేట్ రాలేదని ధీమాగా ఉండకూడదు. రేపు పొద్దున్నే చేయించు. నెగటివ్ వస్తే వారం ఆగి ఇంకోటి. అప్పటికీ లేకపోతే, ఇక గర్భం రాకుండా కాపర్-టీ గానీ అంతర ఇంజెక్షన్ గానీ మాట్లాడదాం, పీహెచ్‌సీలో రెండూ ఫ్రీ.